సమస్య: "నిద్రపోవుచుండి నిలిపె బండి"

నిర్వాహకుడు: ఈసారి మాట స్లీపరు. పట్టాల కింద అడ్డంగా పరిచేదీ అదే, రైల్లో పడుకునే బోగీ అదే, ఇంట్లో చెక్క ఫ్లోరింగ్ కింద వేసే అడ్డపట్టె కూడా అదే. ఆటవెలది చివరి పాదం ఇచ్చా, పై మూడూ మీవి.

పూరణ 1:
బెర్తు పైన నొరిగి పిలుపు వినక వాడు
గొలుసు లాగినాడు కలవరించి
కలను పల్లె రాగ కంగారు పడిపోయి
నిద్రపోవుచుండి నిలిపె బండి

మాస్టారు: ఊహ బాగుంది తమ్ముడూ, కానీ రెండో పాదంలో గొ-క యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే అక్షరంతో కుదరాల్సిన పొత్తు) చెల్లదు, "గొలుసు లాగినాడు కునుకులోన" అను, సరిపోద్ది.

పూరణ 2:
కంకరందు మునిగి కదలక పట్టాల
బరువు భుజము పైన భద్రముంచి
స్లీపరనెడి పేరు చెల్లునా యనుకొంటి
నిద్రపోవుచుండి నిలిపె బండి

మాస్టారు: గణాలు, యతి అన్నీ కుదిరాయి గానీ అన్వయం తెగింది, భద్రముంచింది స్లీపరు, అనుకున్నది మీరు, మధ్యలో కర్త మారిపోయాడు. మూడో పాదం "స్లీపరనెడి మొద్దు శీతమెండల నోర్చి" అంటే కర్త ఒక్కటే అవుతుంది, మొద్దునిద్ర కూడా ధ్వనిస్తుంది. కాంక్రీటుదైతే మొద్దు బదులు దిమ్మె అనండి, గణం మారదు. ఇంకోటి, ఒట్టి పట్టాల బరువే కాదండీ, చక్రాల మీంచి వచ్చే బరువంతా కంకరలోకి పంచేది అదే, రెండు పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి ఎడం చెదరకుండా పట్టుకునేదీ అదే. అందుకే ఇక్కడ "నిలిపె" అంటే ఆపింది అని కాకుండా పడిపోకుండా నిలబెట్టింది అనే అర్థం వచ్చింది, ఈ పూరణలో నాకు బాగా నచ్చింది అదే.

పూరణ 3:
నేడు మిద్దెకింద నిలిచెను దూలమై
మద్దికట్టె, నాడు మన్ను మీద
పరుచుకున్న రైలు పట్టాల యడుగున
నిద్రపోవుచుండి నిలిపె బండి

మాస్టారు: అమ్మా, చాలా బాగుంది! నల్లమద్ది నిజంగానే స్లీపర్లకి వాడిన కట్టె, రెండు కాలాలూ నాలుగు పాదాల్లో ఇమిడాయి. దూలం దగ్గరే నాకు అభ్యంతరం. పాత స్లీపర్లకి చెదలు పట్టకుండా క్రియోసోట్ నూనె ఎక్కించేవాళ్ళు, అది ఒంటికి మంచిది కాదు, అలాంటి చెక్క మనుషులు పడుకునే ఇంట్లో పెట్టకూడదు.

పూరణ 3 సభ్యురాలు: సరే మాస్టారూ, ఆరుబయటికి మార్చేశా, "నేడు దొడ్డి ముందు నిలిచెను గేటుగా". యతి చూడండి.

మాస్టారు: నే-ని, చక్కగా కుదిరింది.