పన్ను అమెరికాలో వేస్తే రొయ్య రేటు మన చెరువుగట్టు మీద ఎందుకు పడింది? ఊళ్లో ఎలా చెప్పాలి?

పాలకొల్లు లెక్చరర్:

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మా నాన్నగారు, చిన్నాన్నలు అందరూ చెరువుల్లో వనామీ రకం రొయ్య వేసేవాళ్లే. వచ్చే ఆదివారం మా ఊరి సొసైటీ ఆఫీసులో రైతులకి మన రొయ్య మీద అమెరికా వేసిన ఈ సుంకాల సంగతి చెప్పే పని పెద్దలు నా నెత్తిన పెట్టారు. క్లాసులో అయితే తులనాత్మక వ్యయాలనీ, డిమాండ్ వ్యాకోచత్వమనీ బోర్డు మీద గీతలు గీసి గంట లాగించేస్తాను. చెరువు చేసేవాళ్ల ముందు ఆ పప్పులు ఉడకవు.

వాళ్ల ప్రశ్నలు ఇలా ఉన్నాయి. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ సుంకాలు ప్రకటించాడు, రెండు రోజులు తిరక్కుండా ఏజెంట్లు 100 కౌంట్ (కిలోకి వంద రొయ్యలు తూగే సైజు) మీద కిలోకి ముప్ఫై, నలభై కోసేశారు. అప్పటికి ఎవరూ పైసా పన్ను కట్టలేదు. 9న వాయిదా అన్నారు. మరి పన్ను ఆగితే రేటు ఎందుకు లేవలేదు? ఇదంతా రొయ్య కొని ఎగుమతి చేసే కంపెనీవాళ్ల నాటకం, ట్రంప్ పేరు అడ్డం పెట్టుకున్నారు అని సగం మంది. మా చిన్నాన్న అయితే ఈ పన్ను ఫిషరీస్ ఆఫీసులో కట్టాలా, కరెంటు బిల్లులో వేస్తారా అని అడిగారు. లైసెన్సనీ ఆక్వా జోననీ తిప్పించుకున్న మనిషి, అలా అడగడంలో వింతేం లేదు.

మోసం కాదు అని చెబితే కంపెనీల మనిషినంటారు. మోసమే అంటే అక్కడితో మీటింగు అయిపోతుంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఐస్‌బాక్స్:

మేడమ్, నేను భీమవరం పక్కన ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో ముందు కొనుగోళ్లు చూసి, తరవాత ఎక్స్‌పోర్ట్ కాగితాల దగ్గర కూర్చుని, బయటికొచ్చేశాను. ఇప్పుడు ఎవరి జీతమూ తినట్లేదు కనక రెండు వైపులదీ చెబుతాను.

డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ), ప్రపంచీకరణ అని మొదలెట్టకండి. ఒక్క పట్టుబడి తీసుకోండి. మీ నాన్నగారిదే తీసుకోండి. తెల్లారుజామున వల లాగారు, కౌంట్ చూశారు, ఐస్ కొట్టి వ్యాన్ ఎక్కించారు. అక్కణ్ణుంచి తేదీలు వేసుకుంటూ బోర్డు మీద రాయండి. ప్లాంటులో తల తీసి, పొట్టు వలిచి, నరం తీసి, గ్రేడ్ చేసి, ఫ్రీజ్ చేసి అట్టపెట్టెల్లో పెడతారు. కంటైనర్ నిండేదాకా కోల్డ్ స్టోరేజీలో కొన్ని వారాలు. విశాఖలోనో చెన్నైలోనో ఓడెక్కితే అమెరికా తూర్పు తీరానికి నెల దాటుతుంది. అంటే ఇవాళ గట్టు మీద కొన్న రొయ్య అక్కడి కస్టమ్స్ దాటేసరికి రెండు నెలలు, ఒక్కోసారి మూడు. పన్ను మామూలుగా ఆ దాటే రోజు లెక్కన పడుతుంది. ఏప్రిల్ 3న మీ గట్టు మీద నిలబడ్డ ఏజెంటు వెనకాల ఉన్నవాడు చూస్తున్నది జూన్ పన్నుని. రేటు ముందే పడటానికి సగం కారణం ఇది.

వాయిదా సంగతికొస్తే, 9న పన్ను పూర్తిగా ఆగలేదు. 10 శాతం ఉంచి మిగతాది 90 రోజులు పక్కన పెట్టారు. ఆ తరవాత ఎంతవుతుందో తేలనప్పుడు కొనేవాడు తనకి భయంగా ఉన్న అంకే వేసుకుంటాడు. అయితే రైతుల అనుమానంలో నిజమున్న చోటు కూడా ఇదే. ఆ 90 రోజుల్లో పన్ను తక్కువున్నప్పుడే పంపేద్దామని సరుకు గబగబా తోశారు. భయం రేటుకి కొన్న రొయ్య 10 శాతం పన్నుతోనే వెళ్లిపోయింది. మధ్యలో మిగిలింది గట్టు మీదకి వెనక్కి రాలేదు. దీన్ని దాచకుండా చెప్పండి, మీరు ఎవరి మనిషని ఎవరూ అడగరు.

తరవాత ఆగస్టు 7 నుంచి 25 శాతం, రష్యా నూనె కొంటున్నామని 27 నుంచి ఇంకో 25 వేశారు. పాత యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (మన సర్కారు రాయితీలకి విరుగుడని వేసేది) సుంకాలు కలిపితే 2025 ఆగస్టు చివరికి 58 శాతం పైన అయింది. బోర్డు మీద దీని పక్కనే రొయ్యలో మనకి పోటీ అయిన ఈక్వెడార్ అని రాసి, అప్పటి కొత్త సుంకం 15 అని వేయండి. రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే మిగతాది రైతులే చెబుతారు. అందరికీ ఒకటే పన్నయితే అక్కడ రొయ్య ధర పెరిగి తినేవాడు కొంత మోసేవాడు. పక్కవాడి దగ్గర చవగ్గా దొరుకుతున్నప్పుడు వాడెందుకు మోస్తాడు?

ఇక పన్ను ఎవరు కడతారన్నది. చట్టం ప్రకారం అక్కడి దిగుమతిదారు. కాని మనవాళ్లు చాలామంది డీడీపీ మీద అమ్ముతారు. అంటే సుంకం కట్టి అక్కడి గోడౌన్లో దించేదాకా ఖర్చంతా అమ్మేవాడిదే. రేటు ముందే ఒప్పుకుని ఉంటారు, నీళ్ల మీద ఉండగా పన్ను మారితే కంపెనీకే బొక్క. ఆగస్టు 27కి ముందు ఓడెక్కి సెప్టెంబరు 17 లోపు క్లియరైతే రెండో 25 ఉండదన్నారు. ఆగస్టు నడుమ ఎక్కిన కంటైనర్ ఆ తేదీకి ఎలా చేరుతుంది? ఆ నష్టాలు నిజమైనవే.

అయినా కంపెనీకి కోల్డ్ స్టోరేజీ ఉంది, బ్యాంకు లిమిట్ ఉంది, చైనాలో, జపాన్‌లో, యూరప్‌లో ఫోన్ చేయడానికి మనుషులున్నారు. అమెరికా వాడికి ఈక్వెడార్ ఉంది. రైతుకి? 100 కౌంట్‌లో పట్టకుండా 60 దాకా ఆపుదామంటే రోజూ మేత, రాత్రంతా నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లు, కరెంటు పోతే డీజిల్. వైట్‌స్పాట్ తెగులు కనిపించిందంటే ఆ పూటే వల వేయాలి. ఆగలేనివాడి దగ్గరే అందరూ రేటు కోస్తారు. నేను కొనుగోళ్లలో ఉండగా పొద్దున్నే ఫోన్లో రేటు వచ్చేది, టీ తాగేలోగా చుట్టుపక్కల ఏజెంట్లందరి నోటా అదే రేటు. దానికోసం ఎవరూ ఒక గదిలో కూర్చోనక్కర్లేదు.

ఇంతకంటే ఎక్కువ ఒక ఆదివారంలో చెప్పలేరు. ఇది తలకెక్కితే చాలు.

టైగర్ కాలం రైతు:

ఐస్‌బాక్స్ గారు చెప్పింది బాగుంది గాని డబ్ల్యూటీవో వద్దనడం మాత్రం నేను ఒప్పుకోను. మాది నెల్లూరు జిల్లా. టైగర్ రకం రొయ్య వేసి, వైట్‌స్పాట్‌కి పోగొట్టుకుని, మళ్లీ 2009 తరవాత వనామీకి దిగినవాణ్ణి. అమెరికా యాంటీ డంపింగ్ సుంకం మా నెత్తిన పడింది 2005లో. ఆరు దేశాల మీద వేశారు: మనం, చైనా, థాయ్‌లాండ్, వియత్నాం, బ్రెజిల్, ఈక్వెడార్.

వాళ్ల లెక్క ఎలా ఉండేదంటే, వాళ్లు సరైనదనుకున్న ధర కంటే చవగ్గా అమ్మిన బిల్లులు పట్టుకుని ఇంత తేడా అని రాసుకునేవాళ్లు. ఎక్కువకి అమ్మిన బిల్లు కనబడితే అందులో తేడా సున్నా అని వేసేవాళ్లు. రెండూ కలిపి చూస్తే డంపింగే ఉండకపోవచ్చు, వాళ్ల లెక్కలో మాత్రం తప్పకుండా ఉంటుంది. ఈక్వెడార్ దీని మీద డబ్ల్యూటీవోకి వెళ్లి 2007లో గెలిచి బయటపడింది. మనం నేటికీ కడుతున్నాం. ఇవాళ మీరు బోర్డు మీద రాసే ఆ 15కీ 58కీ తేడాలో కొంత అక్కడిది కూడా ఉంది. మేడమ్, ఈ సున్నా లెక్క రైతులకి చెప్పి చూడండి. తరుగు పేరుతో, సాఫ్ట్ (పొట్టు మెత్తగా ఉన్న రొయ్య) పేరుతో కోతలు పడేవాడికి ఇది చిటికెలో అర్థమవుతుంది.

ఇంకోటి. రైతుకి అర్థం కాలేదు, అందుకే తిడుతున్నాడు అనే మాట నాకు నచ్చదు. సోయా చెక్క రేటు పెరిగిందని మేత రేటు పెంచిన రోజు మాకు ప్రపంచ మార్కెట్ బాగానే అర్థమైంది. సోయా దిగినప్పుడు మేత ఎందుకు దిగలేదో ఏ మీటింగులోనూ ఎవరూ చెప్పరు. 2024 బడ్జెట్‌లో రొయ్యల మేత దిగుమతి సుంకం 5 శాతానికి తగ్గించారు. బస్తా మీద ఎంత తగ్గిందో మీ సొసైటీలో చేతులెత్తమని అడగండి.

షెడ్డు సూపర్‌వైజర్:

కాకినాడ వైపు ఒక ప్లాంటులో పీలింగ్ సెక్షన్ చూస్తాను. మేడమ్ గారూ, మీ మీటింగుకి ఆడవాళ్లని పిలుస్తున్నారా? సొసైటీ ఆఫీసు అంటున్నారు కాబట్టి పిలవరనే అనుకుంటున్నా.

అమెరికాకి మనం ఎక్కువగా పంపేది ఒలిచి, నరం తీసిన రొయ్య. ఆ ఒలిచే చేతులు మా దగ్గరున్నాయి కాబట్టే ఆ మార్కెట్ మనకి దొరికింది. ఇప్పుడు అందరూ చైనాకి పంపేద్దాం అంటున్నారు. చైనా ఎక్కువగా పొట్టుతో తీసుకుంటుంది, తలతో కూడా తీసుకుంటుంది. రైతుకి రొయ్య అమ్ముడవుతుంది, కంపెనీకి కంటైనర్ కదులుతుంది. మా టేబుల్ దగ్గర కిలోల లెక్కన కూలి తీసుకునే ఆడమనిషికి ఏం మిగులుతుంది? ఈ నెలలో వారానికి మూడు రోజులే ప్లాంటు బస్సు వస్తోందని మావాళ్లు అంటున్నారు. బస్సు రాకపోతే పని లేనట్టు. వాళ్లకి 58 శాతం అంటే అదే.

మీ రైతుల ఇళ్లలోంచి కూడా ఎవరో ఒకరు ఆ బస్సెక్కేవాళ్లు ఉంటారు, చూసుకోండి.

ఎడిసన్ తమ్ముడు:

అక్కా, న్యూజెర్సీ నుంచి రాస్తున్నా, మాది ఆకివీడు. ఇక్కడ సూపర్‌మార్కెట్లో రొయ్యల సంచి మీద ఏ దేశానిదో అచ్చు వేయాలి, చట్టం. మా వీధి షాపులో ఒలిచినవి ఎప్పుడూ ఇండియావే ఉండేవి. ధర ఇంకా పెద్దగా కదల్లేదు, పాత స్టాకు నడుస్తోంది కాబోలు. కాని పక్క అరలో ఈక్వెడార్ సంచులు పెరిగాయి. ఫొటో తీసి పంపమంటే పంపుతాను. మా నాన్న ఫోన్లో ఆ సంచి చూసి, దాని ధర డాలర్ల నుంచి రూపాయల్లోకి మార్చి, రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పాలకొల్లు లెక్చరర్:

అందరికీ ధన్యవాదాలు. తమ్ముడూ, ఫొటో తప్పకుండా పంపు, ప్రింటు తీయిస్తాను. సూపర్‌వైజర్ గారూ, మీ మాట చదివి మీటింగు గుడి పక్కన కమ్యూనిటీ హాలుకి మార్పించాను, డ్వాక్రా గ్రూపులకీ కబురు పంపాం.

ఐస్‌బాక్స్ గారూ, ఒక్క సందేహం. ఫొటో చూడగానే ఆ ధరకీ మాకిచ్చే ధరకీ మధ్యదంతా కంపెనీ తినేసింది అంటారు. దానికేం చెప్పను?

ఐస్‌బాక్స్:

ముందు తూకం సరిచేయండి. సంచిలో ఉన్నది తల, పొట్టు లేని రొయ్య. చెరువులో కిలో పడితే ఒలిచాక అర కిలోకి కాస్త అటూ ఇటూ మిగులుతుంది. కాబట్టి సంచిలో కిలోకి గట్టు మీద దాదాపు రెండు కిలోల రేటు పెట్టి పోల్చాలి. ఆ తరవాత ఐస్, కూలి, కరెంటు, ఓడ కిరాయి, పన్ను, అక్కడి టోకు వ్యాపారి, షాపువాడు. ఒక్కో గీత కింద ఎంత పోతుందో రైతులనే ఊహించమనండి, సరదాగా ఉంటుంది. షాపువాడి వాటా దగ్గర అందరూ తక్కువ చెబుతారు.

ఇంకో పని. వచ్చేటప్పుడు అందర్నీ ఏప్రిల్ నుంచి ఉన్న పట్టుబడి స్లిప్పులు తెమ్మనండి. తేదీ, కౌంట్, రేటు, కోతలు ఒక చార్టు మీద ఎక్కించండి. ఒకే రోజు, ఒకే కౌంట్, పక్క ఊరికీ మీ ఊరికీ తేడా కనబడితే అది ట్రంప్ వేసింది కాదు. కౌంట్ ఎవరు తీశారో కూడా అడగండి. ఏజెంటు కుర్రాడు బుట్టలో ఎక్కడ చెయ్యి పెట్టాడన్న దాన్ని బట్టి కౌంట్ మారిపోతుంది. టన్నుల్లో పట్టినవాడికి ఐదు కౌంట్ల తేడా అంటే ఎంతో వాళ్లే నోటిలెక్కన చెప్పేస్తారు. మీటింగులో మొదటి అరగంట ఆ గొడవకే పోతుంది, పోనివ్వండి.