అమ్మ మోకాళ్లకు పసుపు గోళీలు: ఏమంటరు?

ఉప్పల్ పిలగాడు:
మా అమ్మకు 68 ఏండ్లు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆన్చి, గోడ పట్టుకొని దిగుతది. మొన్న పక్కింటి అత్తమ్మ పసుపుల ఉండే కర్క్యుమిన్ అనే పదార్థం గోళీల డబ్బా తెచ్చిచ్చింది. ఒక్కోటి 500 మిల్లీగ్రాములు, మిరియాల సారం కూడ కలిసుంది. "ఇంట్ల డబ్బెడు పసుపు పెట్టుకొని గోళీలు మింగుడేంది?" అని అమ్మ నవ్వింది. నిజామాబాద్ నుంచి మామ పంపే కొమ్ములు ప్రతి ఏడు గిర్నిల పట్టిస్తది. రోజూ రాత్రి పాలల్ల అర చెంచా వేసుకుంటది. గ్లాసు అడుగున పడ్డ పసుపు గీత పీచుతో రుద్దినా పోదు. రెండేండ్లాయె, మోకాళ్లు మాత్రం అట్లనే ఉన్నయ్. పసుపు వాపు తగ్గిస్తదన్నది నిజమేనా? నిజమైతే పాలతోని ఎందుకు తగ్గలే?

మలక్‌పేట మందుల షాపు:
లెక్క చూడండి. పసుపులో కర్క్యుమిన్ నూటికి సుమారు మూడు పాళ్లే. అర చెంచా గ్రామున్నర అనుకుంటే 45 మిల్లీగ్రాములు. అదీ నీళ్లలో కరగదు, పేగుల నుంచి రక్తంలోకి ఎక్కేది బహు కొంచెం, ఎక్కినదాన్ని కాలేయం త్వరగా మార్చి బయటికి తోసేస్తుంది. 1998లో అచ్చయిన బెంగళూరు పరిశోధనలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ (మిరియాల్లోని ఘాటు పదార్థం) ఇస్తే రక్తంలోకి ఎక్కే కర్క్యుమిన్ 2000 శాతం పెరిగింది. మీ డబ్బాలో మిరియాల సారం అందుకే. ఇక వాపు సంగతి. కణాల్లో ఎన్‌ఎఫ్-కప్పాబి అనే ప్రోటీన్ వాపు పుట్టించే జన్యువులను లేపుతుంది. ల్యాబులో పెంచిన కణాల్లో కర్క్యుమిన్ దాన్ని అణచడం చూశారు. గాజు గిన్నెలో జరిగిందల్లా మోకాలి చిప్ప కింద జరగాలని లేదు, అదే తంటా.

తార్నాక బామ్మ:
మరీ తీసిపారేయకు నాయనా. థాయిలాండ్‌లో మోకాళ్లు అరిగిన 367 మందిలో కొందరికి రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, మిగతావాళ్లకు 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ అనే నొప్పి మందు నాలుగు వారాలు ఇచ్చారు. నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది, కడుపు బాధలు పసుపు వాళ్లకే తక్కువ. 2014లో వచ్చింది. నేనూ మూడు నెలలు వాడాను, తేలికైంది. కాకపోతే అప్పుడే ఐదు కిలోలు తగ్గాను, తొడలకు కసరత్తూ మొదలెట్టాను. మెప్పు ఏ ఖాతాలో వేయాలో తెలీదు.

ఉప్పల్ పిలగాడు:
ఒకటి చెప్పుడు మర్చిపోయిన. గుండె కవాటం మార్చినప్పటి నుంచి అమ్మకు రక్తం గడ్డ కట్టకుండ ఇచ్చే వార్ఫరిన్ మందు నడుస్తుంది.

మలక్‌పేట మందుల షాపు:
అసలు మాట చివర్లో చెప్పారే! ముందు ఆ డబ్బా పక్కన పెట్టండి. కర్క్యుమిన్ గోళీలు వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు, పైపరిన్ తోడైతే వేరే మందులు రక్తంలో చేరే లెక్కా మారొచ్చు. ఐబుప్రోఫెన్ కూడా సొంతంగా వేయొద్దు. కూరలో వేసే పసుపుతో భయం లేదు. రోజూ తాగే పసుపు పాల సంగతి మాత్రం డాక్టరుకు చెప్పండి. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షకు పోయినప్పుడు డబ్బానే చేతిలో పెట్టి చూపించండి.

ఉప్పల్ పిలగాడు:
బేస్తవారం పరీక్ష ఉంది. డబ్బా అప్పుడే చీటీల సంచిల వేసిన. అమ్మ ఒకటే అడుగుతుంది, "పాలు గూడ బంద్ జెయ్యమంటే మీ మామకు నువ్వే చెప్పు" అని.