ఇంట్లో అందరికీ ఒకటే కంప్యూటర్: వాళ్ళు తెరిచే సైట్ల నుంచి నా పని ఎలా కాపాడుకోవాలి?

ఒకే_సిస్టమ్:
నమస్తే అందరికీ. ఇంట్లో ఒకటే డెస్క్‌టాప్, విండోస్ 11. నాన్న, తమ్ముడు, నేను ముగ్గురం ఒకే అకౌంట్‌లో వాడతాం, పిన్ కూడా అందరికీ తెలుసు. నా ఆఫీసు ఫైళ్ళు, బ్యాంకు పని అంతా ఇందులోనే. తమ్ముడు క్రాక్ గేములు (డబ్బు కట్టకుండా ఆడేలా తాళం విరగ్గొట్టినవి) ఎక్కడ దొరికితే అక్కడ దించుకుంటాడు, నాన్నయితే ఏ బాక్స్ వచ్చినా ముందు 'అలో' నొక్కేసి ఆ తర్వాత చదువుతారు. ఇప్పుడు కుడివైపు కింద మూల 'మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది' అని ఒకటే మెసేజ్‌లు, క్రోమ్ తెరిస్తే గూగుల్ బదులు ఎప్పుడూ వినని సెర్చ్ పేజీ. చెప్పి చూశాను, గొడవ తప్ప ఏమీ మారలేదు. నాకు విడిగా క్రోమ్ ప్రొఫైల్ పెట్టుకుంటే చాలా, లేక యాంటీవైరస్ కొనాలా?

బూట్_లూప్:
మంచి యాంటీవైరస్ ఒకటి కొని వేయండి, వాళ్ళను ఇన్‌కాగ్నిటోలో (క్రోమ్ ప్రైవేట్ విండో) బ్రౌజ్ చేయమనండి. అంతకుమించి ఏం అక్కర్లేదు.

అడ్మిన్_గారు:
పై సలహాలో ఇన్‌కాగ్నిటో సంగతి తప్పండి. విండో మూశాక అది హిస్టరీ, కుకీలు (మీ లాగిన్‌ను గుర్తుంచుకునే చిన్న ఫైళ్ళు) కంప్యూటర్‌లో ఉంచదు, అంతే. అందులో దించిన ఫైలు డిస్క్ మీదే ఉంటుంది, దాన్ని డబుల్ క్లిక్ చేస్తే మామూలుగానే నడుస్తుంది. క్రోమ్ ప్రొఫైల్ కూడా రక్షణ కాదు, సౌకర్యం మాత్రమే. పక్కవాళ్ళు ఒక్క క్లిక్‌తో మీ ప్రొఫైల్‌లోకి రావచ్చు, పైగా ఒకే విండోస్ అకౌంట్ కింద నడిచే ఏ ప్రోగ్రామ్‌కైనా మీ ప్రొఫైల్ ఫోల్డర్ అందుబాటులోనే ఉంటుంది. తమ్ముడి క్రాక్‌తో పాటు పాస్‌వర్డ్‌లు, కుకీలు ఎత్తుకుపోయే రకం వైరస్ వస్తే మీవీ కలిపే పోతాయి. కుకీ పోతే ఓటీపీ కూడా అడ్డు కాదు, ఎందుకంటే అప్పటికే లాగిన్ అయి ఉన్న సెషన్ వాళ్ళ చేతికి వెళ్తుంది.

మీకు కావలసింది మనిషికో విండోస్ అకౌంట్, అందులోనూ స్టాండర్డ్ అకౌంట్, అంటే సిస్టమ్‌ను మార్చే అధికారం లేనిది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అక్కడ 'అదర్ యూజర్స్'. ముందుగా, రోజువారీ పనులకు వాడని అడ్మినిస్ట్రేటర్ (పూర్తి అధికారం ఉన్న) అకౌంట్ ఒకటి కొత్తగా పెట్టి, దానికి మీ ఒక్కరికే తెలిసిన పాస్‌వర్డ్ ఇచ్చి, ఒకసారి లాగిన్ అయి చూసుకోండి. అది పనిచేస్తోందని తేలాకే పాత అకౌంట్‌ను స్టాండర్డ్‌కు మార్చండి, ఈ వరుస తప్పితే బయటే నిలబడాల్సి వస్తుంది. ఆ తర్వాత నాన్నకొకటి, తమ్ముడికొకటి, మీకొకటి. మీరు కూడా రోజువారీ స్టాండర్డ్‌లోనే ఉండండి. అప్పుడు సిస్టమ్‌ను మార్చే ఏ ఇన్‌స్టాలర్ వచ్చినా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఒకరి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఇంకొకరికి తెరుచుకోవు.

యాంటీవైరస్ కొనడం మీ ఇష్టం. నా లెక్కలో విండోస్‌తో వచ్చే డిఫెండర్, సమయానికి అప్‌డేట్లు, ఈ అకౌంట్ల ఏర్పాటు కలిస్తే ఇంటికి సరిపోతుంది.

చెత్త_క్లీనర్:
అకౌంట్లు విడదీసే ముందు ఇప్పుడున్న చెత్త తీయాలి కదా. ఆ మూలన వచ్చేది చాలామటుకు వైరస్ కాదు, ఏదో సైటుకు ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కి వెళ్ళి, తెలియని సైట్లన్నీ తీసేసి, ఇకమీద అసలు అడగకుండా ఆపేయండి, సగం గోల అక్కడే పోతుంది. ఆ మెసేజ్‌ను మాత్రం నొక్కొద్దు. సెర్చ్ మారిందంటే ముందు ఎక్స్‌టెన్షన్ల (క్రోమ్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు) మీద అనుమానపడాలి, మీరు పెట్టనివి తీసేయండి. క్రోమ్ మెనూ అడుగున 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అని కనిపిస్తోందా చూడండి. ఇంటి కంప్యూటర్‌లో అలా ఉంటే ఏదో ప్రోగ్రామ్ పాలసీ, అంటే క్రోమ్ సెట్టింగ్స్‌ను బయటి నుంచి నడిపించే నియమం, పెట్టిందన్నమాట. కొన్ని యాంటీవైరస్‌లు కూడా పెడతాయి కాబట్టి కంగారు పడకుండా ఎవరు పెట్టారో వెతకండి.

ఇవన్నీ అయ్యాక డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, రీస్టార్ట్ చేసి విండోస్ లేవకముందే వెతుకుతుంది. క్రాక్‌లు నడిచిన సిస్టమ్ కాబట్టి నేనైతే ఫైళ్ళు బ్యాకప్ తీసుకుని విండోస్ కొత్తగా వేసుకుంటాను. పాస్‌వర్డ్‌లు మార్చేది ఫోన్ నుంచి, ఈ కంప్యూటర్ నుంచి కాదు, మారుస్తూనే 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' కూడా నొక్కండి.

ఒకే_సిస్టమ్:
చాలా థ్యాంక్స్ అండి. నోటిఫికేషన్లు తీసేశాక ఆ మెసేజ్‌లు ఆగాయి. ఒక డౌట్, తమ్ముడు ప్రతి గేముకీ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతాడు, అప్పుడేం చేయను? నా ఫైళ్ళేమో డి డ్రైవ్‌లో ఉన్నాయి, అవి అక్కడే ఉండొచ్చా?

అడ్మిన్_గారు:
డి డ్రైవ్ సంగతి అడిగి మంచి పని చేశారు, చాలామంది దెబ్బతినేది అక్కడే. విండోస్ మిగతా డ్రైవ్‌లకు మామూలుగా లాగిన్ అయిన వాళ్ళందరికీ మార్చే హక్కు ఇస్తుంది. తమ్ముడి అకౌంట్‌లో రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) నడిస్తే డి డ్రైవ్‌లోని మీ ఫైళ్ళు కూడా లాక్ అవుతాయి, అకౌంట్లు వేరైనా సరే. ఆఫీసు ఫైళ్ళను మీ డాక్యుమెంట్స్‌లోకి మార్చండి, లేదా ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీకి వెళ్ళి మీ పేరు, అడ్మిన్, సిస్టమ్ తప్ప మిగతావాళ్ళను తీసేయండి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒక కాపీ కూడా ఉంచండి, కాపీ అయ్యాక తీసి పక్కన పెట్టేయాలి, తగిలించి వదిలేస్తే దానికీ అదే గతి.

తమ్ముడికి పాస్‌వర్డ్ చెప్పొద్దు. అధికారిక స్టోర్ల నుంచి తెచ్చిన గేమైతే మీరే వచ్చి టైప్ చేయండి, క్రాక్ అయితే చేయకండి. ఇక్కడ మాత్రం మొహమాటపడితే పైన చేసినదంతా వృథా.

చెత్త_క్లీనర్:
ఇంకొకటి. రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరును బట్టి దాని అడ్రసు వెతికే సర్వీసు) 1.1.1.2, రెండోది 1.0.0.2 పెట్టండి. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళది, ఉచితం, తెలిసిన మాల్‌వేర్ సైట్లను తెరవనివ్వదు. 1.1.1.3 అయితే అడల్ట్ సైట్లను కూడా ఆపుతుంది. వీపీఎన్ (ఇంటర్నెట్‌ను వేరే దారిన తిప్పే యాప్) పెట్టుకున్నవాడు దాటిపోతాడు, కానీ నాన్నగారు నొక్కే లింకులకు బాగానే పనికొస్తుంది. ఆయన క్రోమ్‌లో యుబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ వేస్తే నకిలీ 'డౌన్‌లోడ్' బటన్ ప్రకటనలు చాలావరకు కనిపించవు, నొక్కే అవకాశమే తగ్గుతుంది.

ఒకే_సిస్టమ్:
సరే, ఈ ఆదివారం ఇద్దరూ ఇంట్లో లేనప్పుడు బ్యాకప్ తీసి విండోస్ కొత్తగా వేస్తాను. తమ్ముడి గేమ్ సేవ్ ఫైళ్ళు మాత్రం విడిగా తీసి పెట్టాలి, లేకపోతే ఇంట్లో యుద్ధమే.