పది వారాల శిక్షణతో ఎన్‌ఎఫ్‌ఎల్‌కా? యూరప్ ఆటగాళ్లకు ఇది దారా, దగానా?

పెన్నాతీరం

వేల్స్ రగ్బీ వింగర్ లూయిస్ రీస్-జామిట్ మళ్లీ రగ్బీకే వచ్చేశాడు. కథ తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. 2024 జనవరిలో, సిక్స్ నేషన్స్ రగ్బీ పోటీలకు వేల్స్ జట్టును ప్రకటించే రోజునే, అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోతున్నానని చెప్పాడు. అప్పటికి వయసు 22. 2021లో దక్షిణాఫ్రికా వెళ్లిన బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ జట్టులో అందరికన్నా చిన్నవాడు. ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో పది వారాల శిక్షణ తీసుకున్నాడు. 40 గజాలు 4.43 సెకన్లలో పరుగెత్తాడు. మార్చిలో కాన్సాస్ సిటీ చీఫ్స్ జట్టువాళ్లు తీసుకున్నారు, ఆగస్టు చివర వదిలేశారు. తర్వాత జాక్సన్‌విల్ జాగ్వార్స్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే అసలు జట్టుతో సాధన మాత్రమే చేసే బృందంలో, చేరాడు. 2025 ఆగస్టుకల్లా బ్రిస్టల్ బేర్స్ రగ్బీ జట్టులో ఉన్నాడు. సన్నాహక మ్యాచ్‌లు తప్ప ఎన్‌ఎఫ్‌ఎల్ అసలు సీజన్‌లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ ఆడలేదు.

ఇతనొక్కడే కాదు. ఇంగ్లండ్ వింగర్ క్రిస్టియన్ వేడ్ బఫెలో బిల్స్‌లో మూడేళ్లు గడిపాడు. 2019 ఆగస్టులో ఇండియానాపొలిస్‌తో జరిగిన సన్నాహక మ్యాచ్‌లో, జీవితంలో మొదటిసారి బంతి చేతికిస్తే 65 గజాలు పరుగెత్తి బంతిని ప్రత్యర్థి గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు. అయినా అసలు సీజన్‌లో ఆడే అవకాశం రాలేదు.

నా అభియోగం ఆటగాళ్ల మీద కాదు, పద్ధతి మీద. 2017లో ఎన్‌ఎఫ్‌ఎల్ ‘ఇంటర్నేషనల్ ప్లేయర్ పాత్‌వే’ మొదలుపెట్టింది. దాని కింద వచ్చిన విదేశీ ఆటగాడికి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో అదనపు చోటు ఇస్తారు, జట్టు లెక్కలో అతను ఉండడు. మొదట్లో అయితే ఆ చోటులో ఉన్నవాడిని ఆ సీజన్‌లో మ్యాచ్‌లో దింపడానికే వీల్లేదు. 2024లో నిబంధన సడలించారు, మొత్తం 32 జట్లకూ ఆ చోటు ఇచ్చారు. కానీ అసలు లోపం అలాగే ఉంది. తన లెక్కలో లేనివాడిని ఆడించాలన్న తొందర ఏ కోచ్‌కు ఉంటుంది? యూరప్‌లో ప్రచారానికి ఒక ముఖం కావాలి, దానికోసం మంచి వయసులో ఉన్న ఆటగాడి రెండేళ్లు తీసుకుంటున్నారు. ఈ దారి మూసేయాలి. వెళ్లాలనుకునేవాళ్లు అమెరికా కాలేజీ గుండా వెళ్లాలి. మీరేమంటారు?

సెవెర్న్ గట్టు

పదకొండేళ్లుగా కార్డిఫ్‌లో ఉంటున్నాను. జామిట్ ఎడమ అంచున బంతి అందుకుంటే స్టేడియం మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడడం కళ్లారా చూశాను. అతను వెళ్లిపోయినప్పుడు అందరిలాగే నాకూ కష్టం కలిగింది. కానీ ‘దగా’ అన్న మాట ఒప్పుకోను.

అతనికి తెలియక వెళ్లాడా? ప్రాక్టీస్ స్క్వాడ్‌లో కొత్తవాడికి 2024లో వారానికి 12,500 డాలర్లు ఇచ్చేవారు. ఏ వారమైనా పంపేయవచ్చునని కూడా అందరికీ తెలుసు. కళ్లు తెరిచే వెళ్లాడు, ప్రయత్నించాడు, తిరిగొచ్చాడు. 2025 నవంబరులో మళ్లీ వేల్స్ జెర్సీ వేసుకున్నాడు. ప్రయత్నించి ఓడిపోయే హక్కు ఆటగాడికి ఉండొద్దా? మనం దూరంగా కూర్చుని అతని మంచి కోసం తలుపు మూసేస్తామంటే ఎలా?

ఫ్రిస్కో నాన్న

హక్కు గురించి మీరిద్దరూ మాట్లాడుకోండి. నేను ఆట గురించి చెబుతాను, ఎందుకంటే మా అబ్బాయి ఇక్కడ టెక్సాస్‌లో హైస్కూల్ జట్టులో రిసీవర్, అంటే విసిరిన బంతిని పట్టేవాడు.

పోయిన ఏడాది ఒక రాత్రి వాడు భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా, పచ్చడి సీసా, రెండు గ్లాసులు పెట్టి ఒకే ఒక్క ఎత్తు నాకు వివరించాడు. వాడు పన్నెండు గజాలు నేరుగా పరుగెత్తాలి. అక్కడ ప్రత్యర్థి జట్టులో వెనుక కాపలా ఉన్న సేఫ్టీ అనేవాడు వెనక్కి జరిగితే వీడు ఆగి తిరగాలి. సేఫ్టీ కదలకుండా నిలబడితే లోపలికి కోసుకుపోవాలి. ఇదంతా పరుగులోనే చూసి తేల్చుకోవాలి. అదే క్షణంలో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కూడా అదే చూసి, అదే తేల్చుకుని, వీడు తిరగకముందే బంతి విసరాలి. ఒకడు ఒకటి అనుకుని రెండోవాడు ఇంకొకటి అనుకుంటే బంతి ప్రత్యర్థి చేతిలో పడుతుంది. అలాంటివి వాడి ఎత్తుల పుస్తకంలో డజన్లకొద్దీ ఉన్నాయి. వాడు ఏడో తరగతి నుంచి ఆడుతున్నాడు, ఇప్పటికీ తప్పుతున్నాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ పుస్తకం దీనికి ఎన్ని రెట్లు ఉంటుందో ఊహించుకోండి.

చీఫ్స్ వాళ్లు జామిట్‌ను రన్నింగ్ బ్యాక్‌గా, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడిగా, రాసుకున్నారు. జాగ్వార్స్‌కు వెళ్లాక రిసీవర్ అయ్యాడు. మొదటిది వంటపట్టకముందే రెండోది నేర్చుకోవాల్సి వచ్చింది.

రగ్బీవాళ్లకు ఇంకొక చిక్కు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. రగ్బీలో బంతి పట్టుకున్నవాడికి ముందు పరుగెత్తుతూ ప్రత్యర్థిని అడ్డుకుంటే అది తప్పు, పెనాల్టీ ఇస్తారు. అంటే రగ్బీ ఆటగాడికి తన ముందు దారి చేసేవాడు ఒకడుంటాడన్న ఊహే ఉండదు. ఖాళీ కనబడగానే దూసుకుపోతాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ నేర్చుకునేది దూసుకుపోకుండా ఉండడం. ముందున్న తన జట్టు లైన్‌మ్యాన్ ప్రత్యర్థి ఒకడిని పక్కకు నెట్టేదాకా అర క్షణం ఆగాలి, ఆ సందు పుట్టే చోటికి పుట్టకముందే చేరాలి. పదేళ్లు కండరాలకు అలవాటైనదాన్ని పది వారాల్లో మరిచిపొమ్మంటే ఎలా?

పెన్నాతీరం

ఫ్రిస్కో నాన్న గారూ, నా వాదన నాకంటే మీరే బాగా చెప్పారు. సెవెర్న్ గట్టు గారూ, ఓడిపోయే హక్కు ఉంది, కాదనను. కానీ ఓడిపోవాలంటే ముందు బరిలోకి దింపాలి కదా! వేడ్ ఎక్కడ ఓడిపోయాడు? మూడేళ్లలో ఎవరితో తలపడి ఓడిపోయాడు?

పాత స్కోరుకార్డు

కాలేజీ గుండా వెళ్లమన్న మాట చరిత్రకు దగ్గరగానే ఉంది. నార్వే కుర్రాడు యాన్ స్టెనెరూడ్ మోంటానా స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్లింది స్కీ జంపింగ్ స్కాలర్‌షిప్ మీద. అక్కడ బంతిని తన్నడం చూసి ఫుట్‌బాల్ జట్టులోకి లాగారు. 1967లో చీఫ్స్‌లో చేరి, 1991లో ఆ ఆట దిగ్గజాల జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. డెన్మార్క్ నుంచి 1977లో ఎక్స్‌చేంజ్ విద్యార్థిగా ఇండియానాపొలిస్ వచ్చిన మోర్టెన్ ఆండర్సన్ 382 మ్యాచ్‌లు ఆడాడు, ఇంతవరకు ఎవరూ అన్ని ఆడలేదు. జర్మనీవాడు సెబాస్టియన్ వోల్మర్ హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో చదివి, పేట్రియట్స్ జట్టుతో రెండు సూపర్ బౌల్‌లు, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్‌లు, గెలిచాడు. బెర్లిన్‌వాడు బియోర్న్ వెర్నర్ ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి, జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2013లో మొదటి రౌండ్‌లోనే ఎంపికయ్యాడు.

కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఎస్టోనియావాడు మార్గస్ హంట్‌ది. 2006లో బీజింగ్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ అథ్లెటిక్స్‌లో షాట్‌పుట్, డిస్కస్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు. మంచి కోచ్ దగ్గర సాధన చేయాలని డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. తీరా చూస్తే ఆ విశ్వవిద్యాలయం పురుషుల అథ్లెటిక్స్ జట్టును అంతకుముందే ఎత్తేసింది. కోచ్ ఉన్నాడు, జట్టు లేదు, కాబట్టి స్కాలర్‌షిప్ కూడా లేదు. అది కావాలంటే ఫుట్‌బాల్ ఒక్కటే దిక్కు. ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి, ఆట అంటే ఏమీ తెలియదు. ప్రత్యర్థి గోల్‌కు బంతి తన్నేటప్పుడు చేతులెత్తి అడ్డుకోమన్నారు, అదే మొదలు. కాలేజీ నుంచి వెళ్లేటప్పటికి అలా 17 తన్నులు అడ్డుకున్నాడు. 2013లో బెంగాల్స్ రెండో రౌండ్‌లో తీసుకున్నారు.

అదే సంవత్సరం అదే డిస్కస్ నుంచి ఇంకొకడు వచ్చాడు. లండన్ ఒలింపిక్స్ ఫైనల్‌లో విసిరిన లారెన్స్ ఒకోయే. కాలేజీ లేదు, నేరుగా శాన్ ఫ్రాన్సిస్కో శిబిరానికే వెళ్లాడు. జట్లు మారుతూ తిరిగాడు, అసలు సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. చివరికి డిస్కస్‌కే తిరిగొచ్చి 2022 యూరోపియన్ చాంపియన్‌షిప్స్‌లో కాంస్యం గెలిచాడు. ఇద్దరికీ దేహబలంలో లోటు లేదు. హంట్‌కు శనివారం శనివారం మ్యాచ్ దొరికింది, ఒకోయేకు దొరకలేదు.

మాడిసన్ మంచు

కాలేజీ, కాలేజీ అంటున్నారు గానీ కాలేజీలోకి ఎవరు వెళ్లగలరో ఒక్కరూ అడగడం లేదు.

2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు. 2025 నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించవచ్చు. కానీ యూరప్ నుంచి వచ్చేవాడు సాధారణంగా ఎఫ్-1 వీసా మీద వస్తాడు. ఎఫ్-1 మీద బయట పని చేయకూడదన్న నిబంధన ఎంత గట్టిదో మన పిల్లలకు వేరే చెప్పాలా? నేను రెండేళ్లు ఆ వీసా మీద చదివాను. క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలు పని, అది దాటి ఒక్క డాలర్ సంపాదిస్తే ఏమవుతుందోనన్న భయం. ఒకే గదిలో బట్టలు మార్చుకునే ఇద్దరిలో అమెరికన్‌కు ఒప్పందాలు, జర్మన్‌కు చేతులు కట్టేసిన పరిస్థితి. ఇంట్లో డబ్బు పంపాల్సినవాడు నాలుగేళ్లు అలా ఉండగలడా?

ఎఫే ఒబాడాను తలచుకోండి. నైజీరియాలో పుట్టాడు. పదేళ్ల వయసులో అక్రమ రవాణా చేసి, సోదరితో పాటు లండన్ వీధుల్లో వదిలేశారు. ఒకరి తర్వాత ఒకరి ఇంట్లో పెంపకంలో పెరిగాడు. పెద్దయ్యాక లండన్ వారియర్స్ అనే స్థానిక జట్టులో ఐదు మ్యాచ్‌లు ఆడాడు. ఏ అమెరికా కాలేజీ ప్రతినిధి వచ్చి అతని తలుపు తడతాడు? పాత్‌వే మొదటి ఏడాది, 2017లో, కరోలినా పాంథర్స్‌లో చేరాడు. 2018 సెప్టెంబరులో బెంగాల్స్‌తో మొదటి మ్యాచ్‌లోనే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టాడు, ఒక బంతిని పట్టేసుకున్నాడు. మీరు మూసేయమంటున్న తలుపు ఇదే పెన్నాతీరం గారూ. అది లేకపోతే ఒబాడా ఏమయ్యేవాడు?

పెన్నాతీరం

మాడిసన్ మంచు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మూసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాలేజీ అందరికీ అందుబాటులో ఉందన్నట్టు రాయడం నా తప్పే.

కానీ ఒబాడా పది వారాల్లో తయారవలేదు. 2015లోనే డల్లాస్ కౌబాయ్స్ శిబిరంలో ఉన్నాడు. అక్కడి నుంచి ఆ మొదటి మ్యాచ్‌కు మూడేళ్లు పట్టింది. అన్నాళ్లు ఓపిక పట్టినవాళ్లు దొరకడం అతని అదృష్టం, అది పద్ధతి చేసిన మేలు కాదు.

ఫ్రిస్కో నాన్న

ఏ స్థానానికి పంపుతున్నారన్నదే అసలు సంగతి అనిపిస్తోంది. జోర్డాన్ మైలాటా యూరప్‌వాడు కాదు, ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ నుంచి వచ్చాడు, కానీ ఇదే పాత్‌వే. 2018 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్‌లో, 233వ వాడిగా ఈగిల్స్ తీసుకున్నారు. రెండు సీజన్లు ఒక్క మ్యాచ్‌లోనూ దిగలేదు. మూడో ఏడు లెఫ్ట్ ట్యాకిల్‌గా, అంటే క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమవైపు కాపలా కాసే భారీ ఆటగాడిగా, నిలబడ్డాడు. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. అలాంటి దేహం ఉన్నవాళ్లు అరుదు. కాబట్టి అడుగు వేయడం నుంచి నేర్పడానికి కోచ్‌లు సిద్ధపడతారు. వేగంగా పరుగెత్తేవాళ్లు మాత్రం అమెరికాలో ప్రతి కాలేజీలోనూ ఉన్నారు. వాళ్లందరికీ పుస్తకం ముందే వచ్చు. అక్కడికి వెళ్లి రగ్బీ వింగర్ పోటీ పడాలి.

బంతి తన్నేవాళ్లది మరో దారి. ఐర్లండ్‌లో డౌన్ అనే కౌంటీ జట్టు గేలిక్ ఫుట్‌బాల్ గోల్‌కీపర్ చార్లీ స్మిత్ జామిట్‌తో పాటే పాత్‌వేలో శిక్షణ పొందాడు. న్యూ ఆర్లియన్స్ సెయింట్స్‌లో ఓపిగ్గా ఎదురుచూసి, 2025 సీజన్‌లో మొదటి మ్యాచ్‌లోనే 56 గజాల నుంచి గోల్ తన్నాడు. తన్నేవాడికి ఎత్తుల పుస్తకంతో పెద్దగా పని లేదు. చిన్నప్పటి నుంచి చేసిన పనే ఇక్కడా చేస్తాడు.

పాత స్కోరుకార్డు

యూరప్ లీగ్‌లలో ఆడినంత మాత్రాన సరిపోతుందని కూడా అనుకోవద్దు. జర్మనీలో ష్వేబిష్ హాల్ జట్టు రిసీవర్ మోరిట్స్ బోరింగర్‌ను 2016లో మిన్నెసోటా వైకింగ్స్ ఆరో రౌండ్‌లో తీసుకున్నారు. అమెరికా కాలేజీ గడప తొక్కకుండా యూరప్ నుంచి నేరుగా డ్రాఫ్ట్ అయిన మొదటివాడు అతనే. అసలు సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు.

పెన్నాతీరం

అందుకే నా కోరిక ఇప్పుడు ఇది: పాత్‌వే కింద తీసుకున్న ఆటగాడిని కనీసం రెండు సీజన్లు ఉంచుకుంటామని జట్టు రాసివ్వాలి. వసంతకాలంలో అమెరికాలోనే జరిగే చిన్న లీగ్‌లో అతను నిజమైన మ్యాచ్‌లు ఆడాలి, దాని ఖర్చు ఎన్‌ఎఫ్‌ఎల్ భరించాలి. రగ్బీ వింగర్లకు మాత్రం ముందే నిజం చెప్పాలి: మీ వేగం ఇక్కడ కొత్త కాదు, మీరు నేర్చుకోవాల్సింది ఆగడం, దానికి ఏళ్లు పడుతుంది. ఆ మాట చెప్పకుండా కెమెరాల ముందు జెర్సీ చేతికివ్వడాన్ని నేను ఇప్పటికీ దగా అనే అంటాను.

సెవెర్న్ గట్టు

రెండు సీజన్ల హామీకి నేనూ ఒప్పుకుంటాను. ‘దగా’ దగ్గర మాత్రం మనం కలవం, పరవాలేదు.

వచ్చే శనివారం బ్రిస్టల్ ఆష్టన్ గేట్‌లో మ్యాచ్‌కు టికెట్టు కొన్నాను. ఎడమ అంచున కూర్చుంటాను. ఫ్రిస్కో నాన్న గారు చెప్పాక ఒకటి గమనించాలని ఉంది. జామిట్ బంతి అందుకోగానే దూసుకుపోతాడా, లేక తన ముందు ఎవరో వచ్చి దారి చేస్తారన్నట్టు అర క్షణం ఆగుతాడా? చూసి వచ్చి రాస్తాను.