చెత్తతో చేసిన బొమ్మ చివరికి చెత్తలోకే పోతే?

ప్రశ్న: డ్రాయింగ్ మాస్టారు, గుంటూరు జిల్లా

హైస్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. పోయినేడు సైన్స్ ఫెయిర్‌కి ఎనిమిదో తరగతి పిల్లలతో ఖాళీ వాటర్ బాటిళ్లతో పన్నెండడుగుల చేప చేయించాను. సముద్రంలో ప్లాస్టిక్ గురించి. తలా పది బాటిళ్లు తెమ్మన్నాను.

సోమవారం పొద్దున కొళాయి దగ్గర ఇద్దరు పిల్లలు కొత్త బాటిళ్ల సీళ్లు తీసి నీళ్లు పారబోస్తున్నారు. "ఇంట్లో ఖాళీవి లేవు సార్, నాన్న కేసు కొనిచ్చాడు" అన్నాడు ఒకడు. రెండో వాడిదీ అదే మాట. రెండు కేసులు, 24 బాటిళ్లు. వాళ్లని ఏమనను? తెమ్మన్నది నేనే కదా.

చేపకి నీలం స్ప్రే కొట్టాం, రెక్కలు గ్లూ గన్‌తో అతికించాం. మొదటి బహుమతి వచ్చింది. రెండు నెలలు ల్యాబ్ వెనక పడుంది. చివరికి ఆటోలో పాత సామాను కొట్టుకి తీసుకెళ్తే, ఆయన ఒక బాటిల్ తీసి గోటితో రంగు గీకి చూపించాడు. "ఇది ఎవరూ తీసుకోరు మాస్టారూ. మామూలుగా తెచ్చుంటే తూకం వేసేవాణ్ణి."

అంటే నా చేతికి రాకముందు ఆ బాటిల్‌కి ఇంకో బతుకు ఉంది. నేను బొమ్మ చేసి అది లేకుండా చేశాను. ఈ ఏడు మళ్లీ చేయమంటున్నారు. చేయాలా, మానేయాలా? నిజంగా మనసు కుదుటపడటం లేదు.

జవాబు 1: విశాఖ నుంచి

మాస్టారూ, నేను రీసైక్లింగ్ యూనిట్‌లో పనిచేశాను. కొట్టాయన చెప్పింది నిజం. బాటిళ్లని ముక్కలు చేసి, కడిగి, ఆ ముక్కల నుంచి పాలిస్టర్ దారం తీస్తారు. రంగు, జిగురు కలిస్తే మిగతా సరుకు కూడా పాడవుతుంది. మూత వేరే రకం ప్లాస్టిక్. నీళ్లలో వేస్తే బాటిల్ ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది. పిల్లలకి ఇది బకెట్‌లో చూపించండి, వాళ్లకి భలే నచ్చుతుంది.

ఘానాలో పుట్టి నైజీరియాలో స్థిరపడిన ఎల్ అనాట్సుయి అనే శిల్పి సారా సీసాల మూతల్ని రాగి తీగతో కుట్టి గోడంత తెరలు చేస్తాడు. మీరూ తీగతోనే కట్టండి. ఫెయిర్ అయ్యాక విప్పేయొచ్చు.

జవాబు 2: హైదరాబాద్ నుంచి

చండీగఢ్ రాక్ గార్డెన్ చూశాను. పగిలిన గాజులతో చేసిన ఆడవాళ్ల బొమ్మల వరసల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. దాన్ని చేసిన నెక్ చంద్ రోడ్ ఇన్‌స్పెక్టర్. కొత్త నగరం కోసం పడగొట్టిన ఊళ్ల శిథిలాల్లోంచి పెంకులు, గాజులు, కప్పులు ఏరుకొచ్చి 1957లో ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టాడు. 1976కి గానీ జనానికి తెరవలేదు. ఆయన ఎవర్నీ ఏదీ తెమ్మనలేదు. పారేసింది ఎక్కడుందో అక్కడికి తనే వెళ్లాడు. మీ పిల్లల్ని కూడా అక్కడికే తీసుకెళ్లండి.

జవాబు 3: డాలస్ నుంచి

మానకండి మాస్టారూ. అమెరికా ఫొటోగ్రాఫర్ క్రిస్ జోర్డాన్ 2007లో ఒక పెద్ద చిత్రం చేశాడు. అందులో 20 లక్షల బాటిళ్లు. అప్పట్లో ఈ దేశంలో అయిదు నిమిషాల్లో వాడినవి అన్ని! దూరం నుంచి చూస్తే ఇసక, దగ్గరికెళ్తే బాటిళ్లు. లెక్కకి కూడా అంత బలం ఉంటుంది. ఒలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు 2015లో గ్రీన్‌లాండ్ మంచుగడ్డలు పారిస్‌లో ఒక కూడలిలో పెట్టినప్పుడు, వాటిని తేవడానికి ఎంత కార్బన్ ఖర్చయిందో లెక్క కట్టించి బయటపెట్టాడు. మీ చేప పక్కన మీ లెక్క కూడా పెట్టండి.

మళ్లీ డ్రాయింగ్ మాస్టారు

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న ఫంక్షన్ హాల్‌వాళ్లతో మాట్లాడాను. పెళ్లి మర్నాడు పొద్దున్నే పిల్లలతో వెళ్తాం. అక్కడ బల్లల కింద సగం తాగిన చిన్న బాటిళ్లు ఎన్నుంటాయో మీకు తెలియంది కాదు. నీళ్లు చెట్లకి, బాటిళ్లు సంచిలోకి. స్ప్రే లేదు, గ్లూ గన్ లేదు, అంతా తీగ. ఫెయిర్ అయిన మర్నాడే తూకానికి.

అప్పుడు కేసు తెచ్చిన పిల్లాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. లెక్క బోర్డు తనే రాస్తానన్నాడు. మొదటి వరసలో ఏం రాయాలో కూడా వాడే చెప్పాడు: "పోయినేడు కొత్తవి కొని నీళ్లు పారబోసినవి: 24."