గోల్ఫ్‌లో డ్రైవర్‌తో కొట్టేటప్పుడు టీ ఎంత ఎత్తు పెట్టాలి?

రాయగడ కుర్రాడు: అన్నలూ, మా ఊళ్లో గోల్ఫ్ అంటే నవ్వుతారు, అందుకే వీలైనప్పుడు రైలెక్కి విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ మైదానానికి పోతుంటాను. ఐరన్లతో (ఇనుప తల ఉండే చిన్న క్లబ్బులు, అంటే గోల్ఫ్ కర్రలు) పర్లేదు, డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద తల క్లబ్) తీస్తే మాత్రం బంతి నిట్టనిలువుగా లేచి ముందరే పడిపోతోంది, క్లబ్ క్రౌన్ (తల పైభాగం) మీద గీతలు కూడా పడ్డాయి. టీ (బంతిని నిలబెట్టే పుల్ల) ఎత్తు తగ్గించాలా?

బరంపురం బాబాయ్: తగ్గించే ముందు బంతి ఎక్కడుందో చూడు తమ్ముడూ. కుడిచేతివాటమైతే ఎడమ మడమ లోపలి అంచుకి ఎదురుగా ఉండాలి, పాదాలు భుజాల కంటే కాస్త వెడల్పుగా, కుడి భుజం కొంచెం కిందకి. ఐరన్‌తో కిందకి కొడతాం, డ్రైవర్ పైకి లేస్తున్నప్పుడు బంతికి తగలాలి. నువ్వు దాన్నీ గొడ్డలిలా దించుతున్నావని నా అనుమానం.

పర్లాకిమిడి: క్లబ్ నేలకి ఆనిస్తే బంతిలో సగం క్రౌన్ పైన కనపడాలి, అంటే సుమారు 21 మి.మీ. రూల్ ప్రకారం టీ 4 అంగుళాలు దాటకూడదు. 2¾ అంగుళాలది చాలు.

రాయగడ కుర్రాడు: ఎదురుగాలికి?

బరంపురం బాబాయ్: కొందరు టీ దించుతారు, నాకు నచ్చదు. దించితే మళ్లీ పైనుంచి కొడతావు, బంతి వెనక్కి తిరిగే స్పిన్ పెరిగి గాలిలో బంతి ఇంకా లేస్తుంది. టీ అలాగే ఉంచి నెమ్మదిగా కొట్టు.