తుపాను రోజుల కోసం రేడియో: పిడి తిప్పేదా, సెల్స్‌తో నడిచేదా?

ఉద్దానం అబ్బాయి:
మా అమ్మానాన్నలు శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటుతో పాటు ఫోన్ సిగ్నల్ కూడా పోయింది. హైదరాబాదులో ఉన్న నాకు వారి క్షేమం గాని, వారికి బయటి కబురు గాని రోజుల తరబడి తెలియలేదు. ఈసారి తుపానుల కాలం మొదలయ్యేలోగా వారికొక రేడియో కొనిపెట్టాలని ఉంది. ఆన్‌లైన్‌లో చూస్తే పిడి తిప్పితే ఛార్జి అయ్యేవి, సోలార్ పలక, టార్చి, సైరన్, పైగా ‘వెదర్ బ్యాండ్’ ఉన్నవి కనిపిస్తున్నాయి. వాటికి పెట్టే డబ్బు దండగ కాదా? నాన్నగారికి డెబ్బై దాటాయి, చిన్న అక్షరాలు ఆనవు.

పాత రేడియో మెకానిక్:
ముందుగా ఆ ‘వెదర్ బ్యాండ్’ సంగతి. అది అమెరికా వాతావరణ శాఖ 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ వరకు ఏడు ఛానళ్లలో నడిపే ప్రసారాల కోసం పెట్టిన ఏర్పాటు. మన దగ్గర అలాంటి సేవ లేదు కాబట్టి ఆ మీట నొక్కితే గరగర తప్ప మరేమీ వినిపించదు.

రెండవది ఇంకా ముఖ్యం, కాని అమ్మేవారెవరూ చెప్పరు. మన ఆకాశవాణి మీడియం వేవ్ స్టేషన్లు తొమ్మిదేసి కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి: విశాఖపట్నం 927, విజయవాడ 837. అమెరికా కోసం తయారైన డిజిటల్ సెట్టు పదేసి చొప్పున దూకుతుంది కనుక 920 మీద, ఆ తరవాత 930 మీద ఆగుతుందే తప్ప 927 మీద నిలవదు. తొమ్మిదికి మార్చుకునే వీలు ఉందో లేదో చూడకుండా అలాంటిది కొనవద్దు. ముల్లు తిప్పి స్టేషను పట్టుకునే సెట్టుకు ఈ బెడదే లేదు, మీ నాన్నగారి చేతికి అలవాటైనది కూడా అదే అయి ఉంటుంది.

ఎఫ్‌ఎం శబ్దం శుభ్రంగా ఉంటుంది గాని దాని తరంగాలు దాదాపు కంటిచూపు మేరకే సాగుతాయి. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని చాలా దూరం వస్తుంది కనుక జిల్లా చివరన ఉన్న ఊళ్లకు అదే దిక్కు. అయితే ఆకాశవాణి ఇటీవలి సంవత్సరాల్లో కొన్నిచోట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఆపివేసింది. అందుచేత కొనే ముందు ఎవరి దగ్గరైనా ఒక సెట్టు అడిగి తీసుకుని, పట్టపగలు మీ ఇంట్లోనే ఏ స్టేషను నిలకడగా వస్తుందో చూడమనండి. రాత్రి పూట ఎక్కడెక్కడివో వినిపిస్తాయి, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

భీమిలి వాసి:
మెకానిక్ గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, పిడి ఉన్న రేడియోను పూర్తిగా తోసిపుచ్చలేను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక సెల్స్ కొందామన్నా తెరిచిన దుకాణం దొరకలేదు. పిడి ఉంటే కనీసం వార్తల వేళకైనా రేడియో పలుకుతుంది.

రేడియో విలువ నాకు బాగా తెలిసింది తుపాను నడుస్తుండగానే. హుద్‌హుద్ కన్ను, అంటే తుపాను నడిమిలో గాలి లేని భాగం, విశాఖ మీదుగా సాగినప్పుడు గాలి ఒక్కసారిగా తెరిపి ఇచ్చింది, గండం గడిచిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు. కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే జోరుగా విరుచుకుపడుతుంది. తీరం దాటడం పూర్తయిందో లేదో ఆ సమయంలో చెప్పగలిగేది బులెటిన్ ఒక్కటే.

ఉద్దానం అబ్బాయి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫోన్‌లోనే ఎఫ్‌ఎం ఉంటుంది కదా, అది చాలదా అని మా తమ్ముడు అంటున్నాడు. ఆ ఆన్‌లైన్ రేడియోల వివరాల్లో పిడితో ఫోన్ ఛార్జి చేసుకోవచ్చని కూడా రాశారు, అది నిజమేనా?

పాత రేడియో మెకానిక్:
ఫోన్‌లో ఎఫ్‌ఎం ఉన్నా, చాలావాటిలో ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్‌గా పనిచేస్తుంది. తీగ లేకపోతే అది మూగదే. మీడియం వేవ్ అసలే రాదు. మాట్లాడడానికి దాచుకోవలసిన ఛార్జింగును వార్తలకు ఖర్చు చేయడం కూడా తెలివైన పని కాదు.

ఇక పిడితో ఫోన్ ఛార్జింగు మాట. ఈనాటి ఫోన్ బ్యాటరీ నిండడానికి సుమారు 18 వాట్ అవర్ల విద్యుత్తు కావాలి. చేతితో తిప్పే ఆ చిన్న జనరేటరు ఇచ్చేది రెండు మూడు వాట్లు. డెబ్బై దాటిన మనిషి గంటల తరబడి పిడి తిప్పాలన్నమాట! పైగా అందులోని ఛార్జబుల్ బ్యాటరీ ఏడాది పాటు బీరువాలో పడి ఉంటే తానే చచ్చిపోతుంది. భీమిలి వాసి గారు చెప్పినట్టు పిడి ఉన్నదే కావాలనుకుంటే, మామూలు పెన్సిల్ సెల్స్ కూడా వేసుకునే వీలున్నది చూడండి. సోలార్ పలకను ముసురు రోజుల్లో నమ్ముకోలేరు.

నన్నడిగితే పెద్ద టార్చి సెల్స్‌తో నడిచే, ముల్లు తిప్పే, స్పీకరు గట్టిగా పలికే సాదా సెట్టు ఒకటి కొనండి. సెల్స్ ఆల్కలైన్‌వి తీసుకోండి, కాని సెట్టులో వేసి ఉంచవద్దు, కారితే లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి. ప్లాస్టిక్ సంచిలో విడిగా చుట్టి రేడియో పక్కనే పెట్టమనండి. 927 దగ్గర ముల్లు ఆగే చోట ఎర్ర రంగు చుక్క పెడితే మీ నాన్నగారికి అంకెలు చదివే పని ఉండదు. మీడియం వేవ్ ఏరియల్ సెట్టు లోపలే ఉంటుంది, శబ్దం సన్నగిల్లితే తీగ లాగకుండా రేడియోనే మెల్లగా పక్కకు తిప్పి చూడాలని కూడా చెప్పండి.